సారాయి అనే మాట, చదువు అనే పని: హోసూరు, కృష్ణగిరి ప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన

మాండలిక పరిశీలనకు వెళ్ళేవారు పదాల పట్టిక ఒకటి వెంట తీసుకుపోవడం ఆనవాయితీ. బంధువాచకాలు, పొలం పనిముట్లు, పంటలు, వంటలు, రోగాలు వరుసగా అడిగి రాసుకుంటారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగును గమనించడానికి మేమూ అలాంటి పట్టికతోనే వెళ్ళాం. డెంకణికోట వైపు ఒక పల్లెలో ఒక పెద్దావిడ మా ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెబుతూ ఉంది. పట్టికలో "గృహహింస" అనే మాట వచ్చింది. ఆ మాట ఆమెకు తెలియదు. అందుకని విడమరచి అడిగాం. "ఇంట్లో ఆడమనిషిని కొట్టి బాధపెడతారు గదా, దానికి మీ పక్క ఏమంటారు అవ్వా?"

"తాగొచ్చి కొట్టినాడంటాము సామీ. దానికింక వేరే పేరేముండాది?" అందావిడ.

మా పట్టికలో ఆ గడి ఖాళీగానే మిగిలింది. కాని ఆ జవాబు మా మనసులో నిలిచిపోయింది. చట్టం దృష్టిలో ఉన్న నామవాచకం ఆమె భాషలో లేదు. ఆమెకున్నది ఒక వాక్యం. ఆ వాక్యంలో కారణం, కార్యం ఒకే క్రియలా అతుక్కుని ఉన్నాయి. తాగడం వేరు, కొట్టడం వేరు అని ఆమె విడదీయలేదు.

ఈ వాక్యాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక పెద్ద చరిత్ర ఎదురవుతుంది. భారతదేశంలో ప్రజాప్రతినిధుల ప్రభుత్వం మొట్టమొదట మద్యనిషేధం అమలు జరిపిన జిల్లాలో ఈ హోసూరు, కృష్ణగిరి తాలూకాలు ఉన్నాయి. ఆ పని చేసిన నాయకుడు ఈ నేల మీదే పుట్టాడు. అర్ధశతాబ్ది గడిచాక ఇదే సమస్యను నెల్లూరు జిల్లా స్త్రీలు మరో దారిలో ఎదుర్కొన్నారు. వారి చేతిలో చట్టం లేదు, ఒక వాచకం ఉంది. ఇంటిలోని హింసను ఆపడానికి ఆజ్ఞ ఎంతవరకు పనికివస్తుంది, చదువు ఎంతవరకు పనికివస్తుంది అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

ప్రాంతం

ముందుగా ప్రాంతాన్ని గురించి రెండు మాటలు. కృష్ణగిరి చుట్టుపట్ల సీమను పూర్వం బారామహల్ అనేవారు. 1792 శ్రీరంగపట్టణం సంధితో అది టిప్పు సుల్తాను చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. పీఠభూమి మీది హోసూరు సీమ 1799లో టిప్పు పతనం తరువాత వచ్చింది. తెలుగువారికి బాగా తెలిసిన థామస్ మన్రో రెవెన్యూ పాలన నేర్చుకున్నది కూడా రీడ్ దొర కింద ఈ బారామహల్‌లోనే. తరువాత చాలాకాలం ఇది సేలం జిల్లాలో భాగం. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపడింది. పాలన ఎన్ని చేతులు మారినా తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇక్కడ ఒకే సంతలో వినిపిస్తాయి. కొలువు భాష ఒకటి, ఇంటి భాష ఒకటి కావడం ఇక్కడివారికి తరాల నుంచి ఉన్న అలవాటు. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులకు మనవి. చివరలో దీని అవసరం పడుతుంది.

తొరపల్లి మునసబు కొడుకు

హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో ఆ ఊరి మునసబు ఇంట చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టాడు. హోసూరు బడిలో చదివి, బెంగళూరులో, మద్రాసులో పై చదువులు ముగించి, 1900 ప్రాంతంలో సేలంలో వకీలుగా స్థిరపడ్డాడు. రాజాజీ పేరు చెప్పగానే మనవారికి ఆంధ్రరాష్ట్ర వివాదం, మద్రాసు నగరం గొడవ గుర్తుకు వస్తాయి. అది సహజమే. ఇక్కడ మేము ఆయనను చూస్తున్నది మరో వైపు నుంచి. తాగుడు మాన్పించడాన్ని ఆయన మొదట చట్టంగా చూడలేదు, వయోజనులకు చెప్పే పాఠంగా చూశాడు. 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం పెట్టాడు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ, మద్యనిషేధం అక్కడి ముఖ్యమైన పనులు. 1929లో 'విమోచనం' అనే తమిళ పత్రిక నడిపాడు. తాగుడుకు వ్యతిరేకంగా ప్రచారం చేయడమే దాని పని. పండితుల కోసం కాక పల్లె జనం కోసం చిన్న కథలు, బొమ్మలు అందులో వేశాడు.

1937 ఎన్నికల తరువాత జూలైలో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యాడు. ఆ ఏడాదే మద్యనిషేధ చట్టం చేయించి అక్టోబరు 1 నుంచి తన సొంత జిల్లా అయిన సేలంలో అమలులో పెట్టాడు. అంటే హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో కూడా సారా దుకాణాలు, కల్లు పాకలు ఆ రోజున మూతపడ్డాయి. మరుసటి సంవత్సరం, 1938 అక్టోబరులో, తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు నిషేధం విస్తరించింది. ఇలా చూస్తే మద్యనిషేధం సేలం నుంచి తెలుగు సీమలోకి నడిచివచ్చిందని చెప్పవచ్చు.

బడికి సారా డబ్బు

ఈ చట్టం వెనుక ఒక చిక్కు ముడి ఉంది. చదువును గురించి ఆలోచించేవారు దాన్ని తప్పక గమనించాలి. 1919 సంస్కరణలలో విద్య, ఎక్సైజు రెండూ రాష్ట్రాలకు బదిలీ అయిన శాఖలు. రాష్ట్రాల చేతిలో ఉన్న పెద్ద ఆదాయాలలో మద్యం పద్దు ఒకటి. బడులు నడపాలంటే ఆ డబ్బు కావాలి. దుకాణాలు మూస్తే బడులు మూయవలసి వస్తుందన్న భయం 1937లో కాంగ్రెసు మంత్రులను పట్టుకుంది. పిల్లల చదువుకు తండ్రుల తాగుడు తప్ప మరో ఆధారం లేకపోవడం ఎంత క్రూరమైన విషయమో గాంధీ ఆ సంవత్సరం 'హరిజన్' పత్రికలో రాశాడు. బడి తన ఖర్చు తానే సంపాదించుకునేలా చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న ఆయన ఆలోచన ఈ సందర్భంలోనే పదునెక్కింది. 1937 అక్టోబరులో, సేలంలో దుకాణాలు మూతపడిన మూడు వారాలకు, వార్ధాలో జరిగిన విద్యా మహాసభ ఆ ఆలోచనను చర్చించింది. నయీ తాలీం అని మనం పిలిచే విద్యావిధానానికి, సేలం మద్యనిషేధానికి ఇంత దగ్గర చుట్టరికం ఉన్నదని విద్యాచరిత్రకారులు తగినంతగా చెప్పలేదని మా అభిప్రాయం.

రాజాజీ ఈ ముడిని మరోవిధంగా విప్పాడు. పోయిన ఆదాయానికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చాడు. తరువాత ప్రతి రాష్ట్రానికీ అలవాటైపోయిన అమ్మకం పన్నుకు మూలాలు వెతికితే మద్రాసు మద్యనిషేధం దగ్గరికే వస్తాం.

ఆజ్ఞ ఆయుష్షు

సేలం ప్రయోగం ఎన్నాళ్ళు నిలిచింది? 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరు పాలన వచ్చింది. యుద్ధకాలంలో, 1943లో, నిషేధాన్ని నిలిపివేయాలని నిర్ణయించారు. చట్టాన్ని తెచ్చినవారు కుర్చీ దిగిన నాలుగేళ్ళకు దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి. హోసూరు తాలూకా విషయంలో మరో ఇబ్బంది కూడా ఉండేది. సరిహద్దు దాటితే మైసూరు సంస్థానం. సేలం చట్టం అక్కడ చెల్లదు. గీత గీసి ఇటు నిషేధం, అటు అనుమతి అంటే, ఆ గీత మీద కాపురం ఉన్న పల్లెలకు దాని అర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి అది వారసత్వంగా సంక్రమించింది. నిషేధం కొనసాగాలా వద్దా అన్న వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన సంగతి మన రాజకీయ చరిత్ర చదివినవారికి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 1960ల చివరలో నిషేధం తొలగింది. తమిళనాడులో 1971 ఆగస్టు 30న తొలగించారు. అప్పటికి తొంభై ఏళ్ళు దాటిన రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి వెళ్ళి, వద్దని అడిగాడు. ఫలితం లేకపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. అటుపైన తమిళనాట ఆంక్షలు వచ్చాయి, పోయాయి. 1983లో టాస్మాక్ సంస్థ ఏర్పడింది. 2003 నుంచి చిల్లర దుకాణాలు కూడా దాని చేతికే వచ్చాయి. తొరపల్లిలో రాజాజీ పుట్టిన ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ స్మారకం.

ఈ కథంతటిలో ఒక లోటు కనిపిస్తుంది. 1937లో అమలు చేసినవారున్నారు, వాదించినవారున్నారు, లెక్కలు కట్టినవారున్నారు. కొట్టించుకున్న ఆడవాళ్ళు మాత్రం లబ్ధిదారులుగా తప్ప కనిపించరు. వారు ఆ చట్టాన్ని అడిగినవారు కారు, తరువాత దాన్ని తొలగించినప్పుడు వద్దన్నవారూ కారు. వారికి చట్టం చదవడం రాదు. వారిచేత చదివించే ప్రయత్నం ఆ స్థాయిలో జరగలేదు.

నెల్లూరు రాత్రిబడి

ఆ ప్రయత్నం జరిగిన చోటికి ఇప్పుడు వెళదాం. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 33 మందికి మించరు. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషను కింద, కేరళలోని ఎర్నాకుళం జిల్లా అనుభవం తరువాత, జిల్లా జిల్లాకూ ఉద్యమాలు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సాగిన ఉద్యమంలో ప్రభుత్వ యంత్రాంగంతో పాటు జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు పనిచేశాయి. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, వీధినాటకాలు ఆడాయి. పొలం పని ముగించుకుని, ఇంత వండిపెట్టి, స్త్రీలు రాత్రిబడికి వచ్చారు. చదువు చెప్పినవారు ఆ ఊరి యువకులు, యువతులే. జీతం లేదు. ఈ వ్యాసంలో కార్యకర్త అయిన ఉపాధ్యాయుడని మేమంటున్నది ముఖ్యంగా వీరిని. వారిలో చాలామంది పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు.

వారి చేతిలో ఉన్న వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఒకటి. తాగుడు వల్ల చితికిన సంసారాన్ని గురించిన పాఠం అది. దాని చుట్టూ చర్చ జరిగింది. ఇది మా ఇంటి కథే గదా అని స్త్రీలు అనుకున్నారు. కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు కలసికట్టుగా కదిలి తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా మారుమోగింది. ఆ సంఘటనే తరువాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. పాఠం చదివి ఒక ఊరు కదిలింది, ఆ ఊరి కదలిక మళ్ళీ పాఠమై వందల ఊళ్ళకు చేరింది. వాచకాల చరిత్రలో ఇటువంటిది అరుదు. చదువుకోవడానికి వచ్చినవారే పాఠం రాసిపెట్టినట్టయింది.

1992లో ఉద్యమం ఊపందుకుంది. స్త్రీలు సారా పాకెట్లను తగలబెట్టారు, వేలంపాటలు జరగనివ్వలేదు. ఇక్కడ 1937 నాటి చిక్కుముడి మళ్ళీ కనిపిస్తుంది. రాష్ట్రానికి మద్యం మీద వచ్చే ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు ఉండగా 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఊరూరా పాకెట్లలో సారా సరఫరా చేసిన ప్రభుత్వమే రాత్రిబడికి వాచకం కూడా సరఫరా చేసింది. ఒక చేత్తో అమ్మినదాన్ని మరో చేత్తో ఇచ్చిన పుస్తకం నిలదీసింది. చివరికి 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం చేసిన వెంటనే సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. రోశమ్మ 2016లో మరణించింది.

గుణింతం సంగతి

భాషాశాస్త్రం చదివినవారుగా ఇక్కడ ఒక విషయం ప్రస్తావించక తప్పదు. ప్రభుత్వం చేసిన చట్టం పేరు మద్యనిషేధం. స్త్రీలు చేసిన ఉద్యమం పేరు సారా వ్యతిరేక ఉద్యమం. ఈ తేడా కేవలం పదాల ఎంపిక కాదు. "సారా" అన్న మాట చదవాలంటే స, ర అనే రెండు అక్షరాలు, ఒక దీర్ఘం వస్తే చాలు. రాత్రిబడిలో కొన్ని వారాలు కూర్చున్న స్త్రీ దాన్ని కూడబలుక్కుని చదవగలదు. "మద్యనిషేధం" చదవాలంటే సంయుక్తాక్షరం రావాలి, మూర్ధన్యమైన ష రావాలి, ఒత్తు ధ రావాలి. పైగా, చదివినా ఆ మాట ఆమె నోట ఎన్నడూ మెదలినది కాదు. తన నోటి మాటను పుస్తకంలో అచ్చయి చూసినప్పుడు కలిగే ధైర్యం వేరు.

బ్రెజిల్ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ ఈ సంగతిని చాలా ముందే గుర్తించాడు. 1963లో ఆంజికోస్ అనే చోట సుమారు 300 మంది కూలీలకు 45 రోజులలో చదువు నేర్పిన ఉద్యమానికి ఆయన పేరు వచ్చింది. అక్కడి బతుకులో మెలిగే మాటలను ఏరి, వాటి చుట్టూ చర్చ నడిపి, ఆ మాటలను విడగొట్టి అక్షరాలు నేర్పడం ఆయన పద్ధతి. ఇటుకకు వారి మాట "తిజోలు". తి, జో, లు అని విడగొట్టి, ఒక్కొక్క హల్లుకు అచ్చులన్నీ చేర్చి, ఆ కుటుంబం నుంచి కొత్త మాటలు కట్టించేవారు. మన పంతుళ్ళు తరతరాలుగా చెప్పిన గుణింతం సరిగ్గా ఇదే. మన గుణింతం వల్లె వేయడంతో ఆగిపోయింది. ఫ్రెయిరీ గుణింతం "ఈ ఇటుకలు మోసేదెవరు, ఇల్లు ఎవరిది" అన్న ప్రశ్న దాకా పోయింది. 1964లో సైనిక ప్రభుత్వం వచ్చి ఆయనను జైలులో పెట్టింది, తరువాత ఆయన ప్రవాసం పోవలసివచ్చింది. అక్షరమాల ఒక్కటే నేర్పినవాణ్ణి ఏ ప్రభుత్వమూ జైలులో పెట్టదు. నెల్లూరులో స గుణింతం సారా దుకాణం దాకా నడిచింది.

మళ్ళీ హోసూరు

ఇప్పుడు మొదలుపెట్టిన చోటికి వద్దాం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో సారాయి అన్న మాటకు ఒక విశేషం ఉంది. తెలుగువారు సారాయి అంటారు, కన్నడిగులు సారాయి అంటారు, తమిళులు సారాయం అంటారు. సంతలో ముగ్గురు స్త్రీలు కలిస్తే ఈ మాట దగ్గర దుబాసీ అక్కరలేదు. ప్రభుత్వాల మాటలు మాత్రం వేరు. తమిళంలో మదువిలక్కు, తెలుగులో మద్యనిషేధం. కష్టానికి ఉమ్మడి పదం ఉంది, నివారణకు లేదు.

స్త్రీల సంఘాల చరిత్రలో కూడా ఈ ప్రాంతానికి ముందువరుసలో చోటుంది. తమిళనాడు మహిళాభివృద్ధి పథకం అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో 1989లో మొదలైంది అప్పటి ధర్మపురి జిల్లాలోనే. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. స్వయంసహాయక సంఘాలు ఇక్కడ వేళ్ళూని, తరువాత 'మగళిర్ తిట్టం' పేరుతో రాష్ట్రమంతా వ్యాపించాయి. నెల్లూరులోనూ సారా ఉద్యమం తరువాత స్త్రీలు పొదుపు సంఘాలవైపు తిరిగారు. 'పొదుపు లక్ష్మి' అక్కడే పుట్టింది. ఒకచోట పొదుపు ముందు, మరోచోట పోరాటం ముందు. రెండుచోట్లా స్త్రీ ఇంటి గడప దాటి వారానికొకసారి పదిమందిలో కూర్చోవడం అలవాటైంది. తాగొచ్చి కొట్టిన సంగతి ఇంటి గుట్టుగా ఉండిపోకుండా పదిమందిలో చెప్పుకోదగిన మాట కావడానికి ఆ కూర్చోవడమే మొదటి మెట్టు.

అయితే ఒక తేడా ఉంది. నెల్లూరు స్త్రీ తన ఇంటి భాషలోనే అక్షరం నేర్చుకుంది. తమిళనాట 1990ల మొదట్లో 'అరివొళి ఇయక్కం' పేరుతో గొప్ప అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పుదుక్కోట్టైలో వేలమంది స్త్రీలు చదువుతో పాటు సైకిలు తొక్కడం నేర్చుకున్న ఉదంతం దేశమంతటికీ తెలుసు. ఆ ఉద్యమం తమిళంలో సాగింది, తమిళ స్త్రీకి అది సొంత భాష. హోసూరు తెలుగు స్త్రీకి సంతలో, బస్సులో, సంఘంలో తమిళం వస్తుంది. తనకు జరిగినది మాత్రం ఆమె తెలుగులోనే తలచుకుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కృష్ణగిరి జిల్లాలో అక్షరాస్యత 71 శాతం దాటింది, స్త్రీలలో 64 శాతానికి చేరువలో ఉంది. మిగిలిన వంద మందిలో ముప్పైఆరుగురిని తలచుకున్నప్పుడు వారి ఇంటి భాష ఏదన్న ప్రశ్న అడగక తప్పదు.

బడి పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరింత ముదిరింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదవ తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రాష్ట్రభాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. ఉన్న ఊరి భాష రాకపోతే అన్యాయం జరిగినప్పుడు ఠాణాలో చెప్పుకోవడం కూడా కష్టమే. మా మనవి అంతా, దాన్ని నేర్పడానికి ఇంటి భాషను బడి నుంచి తోసివేయనక్కరలేదని. ఈ పాఠం తమిళనాడుకు కొత్తదీ కాదు. 1938లో ఇదే రాజాజీ కొన్ని ఉన్నత పాఠశాలల్లో హిందీని తప్పనిసరి చేసినప్పుడు తమిళ సమాజం ఎంతగా తిరగబడిందో, 1940లో ఆ ఆజ్ఞ ఎలా ఉపసంహరించవలసి వచ్చిందో అందరికీ తెలిసినదే. ఒకే మనిషి ఒకే హయాములో తెచ్చిన రెండు ఆజ్ఞలు, ఒకటి తాగుడు మీద, ఒకటి భాష మీద, రెండూ ఆయన కుర్చీ దిగాక నిలవలేదు.

కొన్ని ఆక్షేపణలు

మా వాదానికి ఎదురుగా చెప్పదగిన మాటలు ఉన్నాయి. మొదటిది, నెల్లూరు స్త్రీలు సాధించిన నిషేధం కూడా నిలవలేదు. సేలం నిషేధం ఆరేళ్ళు నిలిస్తే, ఇది రెండేళ్ళకే సడలింది. చదువు గెలిచిందని ఎలా అనగలం? దీనికి మా సమాధానం ఇది. చట్టం లెక్కన చూస్తే రెండూ ఓడిపోయినట్టే. మనుషుల లెక్కన చూస్తే అలా కాదు. సేలం నిషేధం పోయినప్పుడు దానితో పాటు అంతా పోయింది. నెల్లూరు నిషేధం పోయినా రాత్రిబడిలో కూర్చున్న స్త్రీకి సంతకం మిగిలింది, సంఘం మిగిలింది, నలుగురిలో మాట్లాడే నోరు మిగిలింది.

రెండవది మరింత బలమైనది. హింసకు తాగుడు ఒక్కటే కారణమా? తాగని మగవాడు భార్యను కొట్టడా? కొడతాడు. కట్నం కోసం, అనుమానంతో, కులం తప్పి పెళ్ళి చేసుకున్నందుకు జరిగే హింసకు సారాతో పనిలేదు. కృష్ణగిరి జిల్లాలోనే ఇటీవలి సంవత్సరాలలో కులాంతర వివాహాల మీద జరిగిన హత్యలు పత్రికలకెక్కాయి. డెంకణికోట అవ్వ వాక్యం నిజమే గాని, అది సగం నిజం. ఆ వాక్యం తాగినవాణ్ణి నిందిస్తుంది, కొట్టే అధికారాన్ని నిందించదు. గృహహింస అనే మాట, 2005లో చట్టమై 2006 అక్టోబరులో అమలుకు వచ్చిన రక్షణ, ఆ మిగిలిన సగాన్ని చెప్పడానికి పుట్టాయి. కాబట్టి చట్టం మాటను తోసివేసి ఇంటి మాటనే పట్టుకోమని మేము చెప్పడం లేదు. ఇంటి మాట నుంచి చట్టం మాట దాకా ఆమెను చేయిపట్టి నడిపించేవారు కావాలి. ఉపాధ్యాయుడి పని అదే.

మూడవది, నిషేధం వల్ల నాటుసారా పెరిగి ప్రాణాలు పోతాయన్న వాదం. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. అప్పుడు ప్రభుత్వ దుకాణాలు తెరిచే ఉన్నాయి. పేదవాడు చవకైన విషాన్ని ఎందుకు తాగుతాడన్న ప్రశ్నకు, దుకాణం మూయడంలో గాని తెరవడంలో గాని పూర్తి సమాధానం లేదని దీనివల్ల తేలుతుంది.

ముగింపు

చరిత్ర వ్యాసం చివర సలహాలు ఇవ్వడం కొందరికి నచ్చకపోవచ్చు. తెలుగు పీఠాలు పదకోశాలు, శాసనాలు, తాళపత్రాలు సేకరిస్తాయి. అవి చేయవలసిన పనులే. వాటితో పాటు మూడు చిన్న పనులు కూడా మన బాధ్యతలోవేనని మేము భావిస్తున్నాం. నెల్లూరు ఉద్యమ కాలపు వాచకాలు, కళాజాతా పాటలు, వాలంటీర్ల నోటుపుస్తకాలు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చి భద్రపరచడం మొదటిది. ఆనాడు చదువు చెప్పినవారు ఇప్పుడు అరవైల వైపు నడుస్తున్నారు. వారి మాటలు రికార్డు చేయడం రెండవది. హోసూరు, కృష్ణగిరి తెలుగులో, అక్కడివారి నుడికారంతో, పెద్దవాళ్ళు చదువుకునే చిన్న పుస్తకం ఒకటి తయారుచేయడం మూడవది. ఆ పుస్తకంలో ఎదురుపేజీలో తమిళం కూడా ఉంటే మరీ మంచిది. ఠాణాకు పోవలసివస్తే రెండో పేజీ పనికివస్తుంది.

ఆ పుస్తకంలో మొదటి పాఠం ఏ మాటతో మొదలుపెట్టాలో నిర్ణయించవలసింది మేము కాదు. మళ్ళీ డెంకణికోట వైపు వెళ్ళినప్పుడు అవ్వనే అడుగుతాం. ఈసారి పదాల పట్టిక లేకుండా వెళ్ళాలని అనుకుంటున్నాం.